ఎంపీహెచ్ చదివితే ఉద్యోగం వస్తుందా? అక్కడ కోతలు, ఇక్కడ కాంట్రాక్టులు.. మధ్యలో మన విద్యార్థులు

2025 సెప్టెంబర్‌లో గుంటూరు జిల్లా తురకపాలెం పేరు రాష్ట్రమంతా మార్మోగింది. నెలల వ్యవధిలో ఊళ్లో వరుస మరణాలు. మెలియాయిడోసిస్ అనే ఇన్ఫెక్షన్ కావచ్చన్న అనుమానంతో వైద్య బృందాలు ఊరికి వచ్చాయి. రక్తం, నీరు, మట్టి నమూనాలు తీసుకెళ్లాయి. అక్టోబర్‌లో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం వంతు. గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలి విద్యార్థినులు పెద్ద సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. ఏడాది చివరికొచ్చేసరికి రాష్ట్రంలో స్క్రబ్ టైఫస్ భయం.

మూడు చోట్లా జనం అడిగింది ఒకటే. జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? బోరు నీళ్లా, ట్యాంకా, పొలం మట్టా, పురుగు కాటా? మంచం మీదున్న రోగికి డాక్టర్ చికిత్స చేస్తారు. కానీ ఊరు ఊరంతటికీ జబ్బు ఎందుకొచ్చిందో లెక్కలు తీసి చెప్పడం ఇంకో విద్య. దాని పేరే పబ్లిక్ హెల్త్. అందులో పీజీ చదువు మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అందరూ పిలిచే పేరు ఎంపీహెచ్.

అవసరం కళ్ల ముందే కనిపిస్తోంది. మరి ఉద్యోగాలు ఉన్నాయా? బీడీఎస్, ఫార్మ్‌డీ, ఫిజియోథెరపీ, బీఎస్సీ నర్సింగ్, హోమియో, ఆయుర్వేదం పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లల్లో ఇప్పుడు జరుగుతున్న చర్చ ఇదే. "క్లినిక్ పెట్టినా నడవడం కష్టం.. ఎంపీహెచ్‌కి అమెరికాయో లండనో పంపిద్దామా?" అని తల్లిదండ్రులు లెక్కలు వేసుకుంటున్నారు. ఆ లెక్క రెండేళ్లలో చాలా మారిపోయింది.

కోవిడ్ తర్వాత ఏం జరిగింది?

2020కి ముందు ఎపిడెమియాలజిస్ట్ అన్న మాట మన ఇళ్లల్లో వినిపించేదే కాదు. కోవిడ్ రాగానే టీవీ చర్చల్లో వాళ్లే ప్రధాన అతిథులయ్యారు. ఆర్-విలువ, పాజిటివిటీ రేటు, సీరో సర్వే లాంటి మాటలు వీధి అరుగుల దాకా వచ్చేశాయి. ప్రభుత్వాలు, విదేశీ దాతలు, స్వచ్ఛంద సంస్థలు డబ్బు కుమ్మరించాయి. పోస్టులు పెరిగాయి, వాటిని చూసి కోర్సులు పెరిగాయి, వాటి వెనకే విద్యార్థులూ పెరిగారు.

ఇక్కడో చిక్కుంది. మహమ్మారి డబ్బుతో వచ్చిన పోస్టులు మహమ్మారితోనే పోతాయి. కోర్సులు మాత్రం అలాగే ఉంటాయి. ఈ రంగంలో ఇది ఎప్పుడూ ఉన్న జబ్బే. భయం ఉన్నప్పుడు నిధులు, భయం తగ్గగానే కోతలు.

అమెరికాలో అసలు సంగతేంటి?

2025 జనవరి 20న ట్రంప్ బాధ్యతలు తీసుకున్న రోజే రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి విదేశీ సాయం నిలిపివేత, రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి బయటకు రావడం. దశాబ్దాలుగా ప్రపంచమంతటా ఆరోగ్య కార్యక్రమాలకు డబ్బిచ్చిన యూఎస్ఎయిడ్ జులై 1 నాటికి విడి సంస్థగా లేకుండా పోయింది. మిగిలిన పనులు విదేశాంగ శాఖలో కలిశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2026-27 బడ్జెట్‌ను 420 కోట్ల డాలర్లకు కుదించుకోవాల్సి వచ్చింది. ముందు అనుకున్న దానికంటే ఇది 21 శాతం తక్కువ.

అమెరికా లోపల కూడా ఇదే పరిస్థితి. 2025 మార్చిలో అక్కడి ఆరోగ్య శాఖ తన సిబ్బందిని 82 వేల నుంచి 62 వేలకు తగ్గిస్తామని ప్రకటించింది. అందులో వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ కూడా ఉంది. అదే నెలలో రాష్ట్రాల ఆరోగ్య విభాగాలకు ఇవ్వాల్సిన సుమారు 1,100 కోట్ల డాలర్ల కోవిడ్ కాలపు గ్రాంట్లను వెనక్కి తీసుకునే ప్రయత్నం జరిగింది. రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. అయితే కేసు తేలేదాకా కొత్త పోస్టు వేయడానికి ఎవరు ధైర్యం చేస్తారు?

ఇది మన విద్యార్థికి ఎందుకు ముఖ్యమంటే, ఎపిడెమియాలజిస్టులకు అక్కడ పెద్ద యజమానులు ప్రైవేటు కంపెనీలు కాదు. ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు, వాటి గ్రాంట్ల మీద నడిచే యూనివర్సిటీలు. పైగా కోతల్లో ఉద్యోగం పోయిన అనుభవజ్ఞులు కూడా ఇప్పుడు అవే పోస్టులకు దరఖాస్తు చేస్తున్నారు. పదేళ్లు సీడీసీలో చేసిన మనిషి పక్కన, నిన్న డిగ్రీ తీసుకున్న మన అమ్మాయి నిలబడాలి. ఆమెకు వీసా స్పాన్సర్‌షిప్ కూడా కావాలి.

అలాగని అక్కడ దారులన్నీ మూసుకుపోయాయా అంటే, కాదు. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం ఎపిడెమియాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం దాదాపు 84 వేల డాలర్లు. 2024 నుంచి 2034 మధ్య ఈ ఉద్యోగాలు 16 శాతం పెరుగుతాయని అంచనా. వినడానికి బాగుంది. కానీ ఆ దేశం మొత్తం మీద ఈ ఉద్యోగాలు 12 వేల పైచిలుకే. 12 వేలలో 16 శాతం అంటే పదేళ్లలో కొత్తగా వచ్చేవి రెండు వేలు. కన్సల్టెన్సీ బ్రోచర్లలో 16 శాతం అన్నది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెండు వేలు అన్నది ఎక్కడా కనిపించదు.

కోర్సు పేరు కాదు.. కోడ్ చూడాలి

చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. అమెరికాలో చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ మామూలుగా 12 నెలలు. స్టెమ్ కోర్సు అయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. సాధారణ ఎంపీహెచ్ స్టెమ్ జాబితాలో లేదు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ ఉన్నాయి. ఒకే యూనివర్సిటీ, ఒకే బిల్డింగ్, అటూఇటూగా ఒకే ఫీజు. ఒకరికి ఏడాది, ఇంకొకరికి మూడేళ్లు. తేడా అంతా ఐ-20 మీద ఉండే సీఐపీ కోడ్‌లోనే. సీటు ఖరారు చేసుకునే ముందు ఆ కోడ్ ఏమిటని యూనివర్సిటీనే రాతపూర్వకంగా అడగాలి. కన్సల్టెన్సీ నోటిమాట సరిపోదు.

హెచ్-1బీ విషయానికొస్తే, 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. రూపాయల్లో దాదాపు 90 లక్షలు. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు ఇది వర్తించదని అక్టోబర్‌లో స్పష్టత ఇచ్చారు. కొంత ఊరట. కానీ లాటరీలో ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు ఎక్కువ అవకాశం ఇచ్చేలా నిబంధన మార్చారు. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోటీ పడాల్సిన పబ్లిక్ హెల్త్ కొత్త ఉద్యోగికి ఇది నష్టమే. యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు లాటరీ పరిమితి లేకపోవడం ఈ రంగంలో ఉన్నవాళ్లకు కలిసొచ్చే అంశం. అయితే ఆ సంస్థలే ఇప్పుడు గ్రాంట్ల కోతతో ఇబ్బంది పడుతున్నాయి.

బ్రిటన్ అయితే మేలా?

ఏడాదిలో కోర్సు అయిపోతుంది, ఫీజు తక్కువ. అందుకే మన డెంటల్ విద్యార్థులు చాలామంది అటు చూస్తున్నారు. కానీ అక్కడా గేటు బిగుస్తోంది. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 2025 జులై 22 నుంచి 41,700 పౌండ్లకు చేరింది. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ రూట్ గడువు 2027 జనవరి 1 నుంచి చేసే దరఖాస్తులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. సాధారణ మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు 2024 జనవరితోనే పోయింది. పైగా ఎన్‌హెచ్ఎస్ ఇంగ్లండ్‌ను రద్దు చేసి ఆరోగ్య శాఖలో కలుపుతామని అక్కడి ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది. పెద్ద సంస్థ విలీనం అవుతోందంటే కొత్త నియామకాలు ఆచితూచి జరుగుతాయి.

అప్పు లెక్క ఒకసారి వేద్దాం

ఉదాహరణకు రూ.40 లక్షల విద్యా రుణం, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు రూ.55 వేలు. అమెరికాలో స్థిరమైన ఉద్యోగం ఉంటే ఇది 600 డాలర్లకు కాస్త అటూఇటూ. కట్టేయొచ్చు. కానీ ఓపీటీ అయిపోయి స్పాన్సర్ దొరక్క తిరిగొస్తే? ఇక్కడ ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్-1, నాన్ మెడికల్ పోస్టుకు ఇచ్చే మూల మొత్తం నెలకు రూ.56 వేలు, పైన హెచ్ఆర్ఏ. నాన్ మెడికల్ వాళ్లకు ఇక్కడ ఇది మంచి పోస్టుల్లో ఒకటి. అంటే జీతం మొత్తం తీసుకెళ్లి బ్యాంకులో కడితే చేతిలో మిగిలేది వెయ్యి రూపాయలు, ఆ హెచ్ఆర్ఏ.

అదే హైదరాబాద్‌లోనో చెన్నైలోనో చదివి రూ.5 లక్షలు అప్పు చేస్తే అదే వడ్డీకి నెల వాయిదా ఏడు వేల లోపే. ఉద్యోగం ఆర్నెల్లు ఆలస్యమైనా ఇల్లు తట్టుకుంటుంది. నష్టభయం డిగ్రీలో కంటే దాని కోసం చేసిన అప్పులోనే ఎక్కువ ఉంది.

మన దేశంలో పోస్టులు ఎందుకు లేవు?

మనకు పబ్లిక్ హెల్త్ కొత్తేమీ కాదు. కోల్‌కతాలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ 1932లో మొదలైంది. 1939 నాటి మద్రాసు పబ్లిక్ హెల్త్ చట్టం ఆంధ్ర ప్రాంతానికీ వర్తించింది. ఆ తర్వాత తమిళనాడు ప్రజారోగ్యానికి విడిగా డైరెక్టరేట్, విడిగా కేడర్ నిలబెట్టుకుంది. జిల్లా ఆరోగ్య అధికారికి ప్రజారోగ్య అర్హత ఉండాలన్న సంప్రదాయం అక్కడ బలంగా ఉంది. చాలా రాష్ట్రాల్లో మాత్రం ఆస్పత్రిలో పనిచేసే డాక్టర్‌కే సీనియారిటీ మీద జిల్లా బాధ్యత అప్పజెప్పే పద్ధతి నడిచింది.

2017 జాతీయ ఆరోగ్య విధానం అన్ని రాష్ట్రాల్లో పబ్లిక్ హెల్త్ మేనేజ్‌మెంట్ కేడర్ ఉండాలని చెప్పింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. స్పెషలిస్ట్, పబ్లిక్ హెల్త్, హెల్త్ మేనేజ్‌మెంట్, టీచింగ్ అని నాలుగు విభాగాలు. అయితే ఆరోగ్యం రాష్ట్రాల సబ్జెక్టు. పోస్టు మంజూరు చేయాల్సింది, జీతం ఇవ్వాల్సింది రాష్ట్ర ఆర్థిక శాఖ. కేంద్రం కాగితం మీద కేడర్ ఉన్నంత మాత్రాన మన జిల్లాలో కుర్చీ రాదు.

డబ్బు సంగతి చూద్దాం. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని అదే విధానం లక్ష్యం పెట్టుకుంది. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం అది 1.84 శాతం. కోవిడ్ ఏడాదిలోనే పరిస్థితి అలా ఉంది.

అందుకే ఇక్కడ ఎంపీహెచ్ వాళ్లకు వచ్చే ప్రభుత్వ పోస్టుల్లో అత్యధికం కాంట్రాక్టువి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ప్రోగ్రాం మేనేజర్లు, కన్సల్టెంట్లు, వ్యాధుల నిఘా విభాగంలో ఎపిడెమియాలజిస్టులు. 2021 అక్టోబర్‌లో మొదలైన పీఎం ఆయుష్మాన్ భారత్ హెల్త్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మిషన్‌కు రూ.64,180 కోట్లు కేటాయించారు. బ్లాక్ పబ్లిక్ హెల్త్ యూనిట్లు, జిల్లా ల్యాబ్‌లు, నగరాల్లో నిఘా యూనిట్లు అందులో భాగం. ఆ పథకానికి పెట్టుకున్న గడువు 2025-26. కట్టిన భవనాల్లో కూర్చునే మనుషులకు జీతం ఎవరిస్తారన్నదే రాబోయే రోజుల్లో అసలు ప్రశ్న.

ఎన్జీవోల దారి ఇంకా ఇరుకైంది. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడం కుదరదన్నారు. దాంతో పెద్ద సంస్థల కింద పనిచేసే చిన్న సంస్థల్లో ఉద్యోగాలు తగ్గాయి. ఆపై యూఎస్ఎయిడ్ దెబ్బ. దేశంలోనే తొలి ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌గా 2021లో హైదరాబాద్‌లో మొదలైన మిత్ర్ క్లినిక్ 2025 ఫిబ్రవరిలో మూతపడింది. కొన్నాళ్లకు టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఈ రంగంలో ఇక ముందు డబ్బు ఎక్కడి నుంచి రావాలో ఆ ఒక్క ఉదాహరణ చెబుతోంది.

ఎవరికి ఉపయోగం? ఎవరికి కాదు?

ఎంపీహెచ్ ఒకటే అయినా ముందున్న డిగ్రీని బట్టి దాని విలువ మారుతుంది.

ఎంబీబీఎస్ వాళ్లకు: ఇది అదనపు బలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్ లాంటి పోస్టులు డాక్టర్లకే. కానీ మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ కావాలంటే ఎంపీహెచ్ సరిపోదు, ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ కావాలి. ఈ తేడా తెలియక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

బీడీఎస్, ఆయుష్, ఫిజియోథెరపీ వాళ్లకు: క్లినిక్ నుంచి బయటపడే మంచి దారి. అయితే నోటిఫికేషన్‌లో మెడికల్ గ్రాడ్యుయేట్ అంటే ఎంబీబీఎస్ అనే అర్థం తీసే చోట్లు చాలా ఉన్నాయి. దరఖాస్తు చేసేముందు అర్హత లైను రెండుసార్లు చదవాలి.

నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ వాళ్లకు: పరిశోధన ప్రాజెక్టులు, క్లినికల్ డేటా, ఫార్మకోవిజిలెన్స్ వైపు వెళ్తే త్వరగా నిలదొక్కుకుంటారు.

సోషల్ వర్క్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ వాళ్లకు: చాలామందికి తెలియదు కానీ వీళ్లకూ సీట్లిచ్చే సంస్థలున్నాయి. అంకెలు బాగా వచ్చినవాళ్లకు ఇక్కడ డాక్టర్ల కంటే గిరాకీ ఉండే సందర్భాలూ ఉన్నాయి.

హైదరాబాద్ వైపు చూస్తే..

ఫార్మా వైపు మాత్రం గాలి వేరేగా ఉంది. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 2024లో, ఆమ్‌జెన్, ఎలి లిల్లీ 2025లో హైదరాబాద్‌లో కేంద్రాలు తెరిచాయి. నోవార్టిస్, సనోఫీ అంతకుముందు నుంచే ఉన్నాయి. మందు మార్కెట్లోకి వచ్చాక నిజ జీవితంలో ఎలా పనిచేస్తోంది, దుష్ఫలితాలేంటి, ఖర్చుకు తగ్గ ప్రయోజనం ఉందా అన్న విశ్లేషణ ఇలాంటి కేంద్రాల్లో జరిగే పనుల్లో ఒకటి. అది ఎపిడెమియాలజీ చదివినవాళ్ల పనే. కాకపోతే ఇంటర్వ్యూలో "ఆర్ వచ్చా? సాస్ వచ్చా?" అని అడుగుతారు. సిద్ధాంతం మాత్రమే చదివి వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఆరోగ్య బీమా సంస్థలు, ఆస్పత్రుల క్వాలిటీ విభాగాలు, డిజిటల్ హెల్త్ కంపెనీలు కూడా తీసుకుంటున్నాయి. పోస్టు పేరులో పబ్లిక్ హెల్త్ అని ఉండదు, అంతే.

చదువుకోవడానికి కూడా మన దగ్గర తక్కువేం లేదు. హైదరాబాద్ ఐఐపీహెచ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, చెన్నైలో ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, తిరువనంతపురంలో అచ్యుత మీనన్ సెంటర్, పుదుచ్చేరి జిప్మర్, వెల్లూర్ సీఎంసీ, ముంబై టిస్ అన్నీ పేరున్నవే. ఫీల్డ్ శిక్షణ ఎన్ని నెలలు, కిందటి రెండు బ్యాచ్‌లు ఎక్కడ చేరాయి అన్న రెండు ప్రశ్నలు అడిగితే కాలేజీ సంగతి తెలిసిపోతుంది.

చేరే ముందు ఇవి చూసుకోండి

1. రెండేళ్ల తర్వాత ఏ పోస్టుకు దరఖాస్తు చేయాలనుకుంటున్నారో, ఆ పోస్టు పాత నోటిఫికేషన్ మూడు వెతికి చదవండి. మీ డిగ్రీకి అర్హత ఉందా?

2. విదేశం అయితే, ఉద్యోగం రాకుండా తిరిగొచ్చినా అప్పు కట్టగలమా అన్న లెక్కే ముందు వేయండి.

3. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్, హెల్త్ ఎకనామిక్స్‌లో ఒకటి గట్టిగా పట్టుకోండి. అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాళ్లకే ఇబ్బంది ఎక్కువ.

4. వీలైతే చేరేముందు ఆర్నెల్లు ఏదైనా సర్వే ప్రాజెక్టులో పనిచేయండి. ఎండలో ఇల్లిల్లూ తిరిగాక కూడా ఇష్టం మిగిలితే, ఈ చదువు మీకోసమే.

మొత్తంగా చూస్తే..

ఎంపీహెచ్ పనికిరాని డిగ్రీ కాదు. అలాగని కన్సల్టెన్సీలు చెప్పినంత బంగారు బాట కూడా కాదు. తక్కువ అప్పుతో, చేతిలో ఒక నైపుణ్యంతో వచ్చినవాళ్లు నిలబడుతున్నారు. వీసా కోసం డిగ్రీ తీసుకున్నవాళ్లు చిక్కుల్లో పడుతున్నారు.

అయితే భారమంతా విద్యార్థి మీద వేసి వదిలేయడం న్యాయం కాదు. తురకపాలెంలో మరణాలు నెలల తరబడి వరుసగా జరిగాకే అందరి దృష్టీ అటు మళ్లింది. మొదటి రెండు మరణాలకే "ఈ ఊళ్లో లెక్క తేడాగా ఉంది" అని పసిగట్టే మనిషి మండలానికి ఒకరు ఉండి ఉంటే? అలాంటి మనిషిని తయారుచేసే కాలేజీలు మనకు ఉన్నాయి. చదివి ఎదురుచూస్తున్న యువత ఉంది. లేనిదల్లా రెగ్యులర్ పోస్టే. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కేడర్ మీద ఎప్పుడు నిర్ణయం తీసుకుంటాయన్నదే ఈ డిగ్రీ విలువను తేల్చబోతోంది. మన ఊళ్ల ఆరోగ్యాన్ని కూడా.